పిల్లల ప్రైవసీకి చట్టం వేసిన రేటెంత? 66ఇ, పోక్సో, మధ్యలో ఉన్న గ్యాప్

ఈ సైట్‌లో నేను ఎక్కువగా రాసేది ఫోన్ కెమెరాల గురించే. నైట్ మోడ్‌లో నాయిస్ ఎంత, 5ఎక్స్ జూమ్‌లో డిటెయిల్ ఎంత నిలబడుతోంది, ఇలాంటివి. ఈసారి లెన్స్‌కి అవతలి వైపు నుంచి చూద్దాం. అవతల ఉన్నది పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు, వాళ్లకి తెలియకుండా రికార్డింగ్ నడుస్తోంది. తీసినవాడికి మన దేశంలో ఎంత శిక్ష పడుతుంది?

ఎవరిని అడిగినా ఠక్కున "పోక్సో కదా, లోపలేస్తారు" అంటారు. కొన్ని కేసుల్లో అది నిజమే. కానీ అన్నింటిలో కాదు. ఆ "కొన్ని"కీ "అన్నీ"కీ మధ్య ఒక పెద్ద గ్యాప్ ఉంది, దాని గురించే ఈ ఆర్టికల్. నేను లాయర్‌ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకునేవాడిని. కాకపోతే చట్టం కూడా ఒక రకంగా ఇఫ్-ఎల్స్ కండిషన్లే కాబట్టి, కూర్చుని చదివితే లాజిక్ ఎక్కడ తెగిందో మనలాంటివాళ్లకి కూడా కనిపిస్తుంది.

ముందు బేసిక్ సెక్షన్. ఐటీ చట్టంలో 66ఇ. 2008 సవరణతో చేరింది, 2009 అక్టోబర్ 27 నుంచి అమల్లో ఉంది. ఫోన్ కెమెరా అంటే 3.2 మెగాపిక్సెల్ ఉంటే గొప్ప అనుకునే రోజులవి. ఒక వ్యక్తి ప్రైవేట్ శరీర భాగాలని అతని అనుమతి లేకుండా, ప్రైవసీ ఉంటుందని నమ్మే చోట ఫొటో గానీ వీడియో గానీ తీసినా, పబ్లిష్ చేసినా, ఎవరికైనా పంపినా నేరం. లోదుస్తుల్లో ఉన్నా వర్తిస్తుంది. ఆడ, మగ తేడా లేదు. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. డ్రాఫ్టింగ్ బాగానే ఉంది, ఆ కాలానికి చాలా అడ్వాన్స్‌డ్ కూడా. కానీ అందులో వయసు అనే ప్యారామీటరే లేదు. బాధితుడికి 40 ఏళ్లున్నా, 9 ఏళ్లున్నా అదే మూడేళ్లు.

భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 77 ఉంది కదా అనొచ్చు. పాత ఐపీసీలో 354సి, అంటే వాయరిజం. మొదటిసారి దొరికితే ఏడాది నుంచి మూడేళ్లు, మళ్లీ దొరికితే మూడు నుంచి ఏడేళ్లు. ఇక్కడ బాధితురాలు "స్త్రీ" అయి ఉండాలి. బీఎన్ఎస్ ప్రకారం స్త్రీ అంటే ఏ వయసు ఆడమనిషైనా, కాబట్టి ఆడపిల్లలకి ఈ సెక్షన్ వర్తిస్తుంది. మగపిల్లలకి వర్తించదు. ఆడపిల్లల విషయంలో కూడా మైనర్ అని చెప్పి శిక్ష పెరగదు.

ఇంకో చివర పోక్సో. 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది, మనం గెలాక్సీ ఎస్3 చూసి నోరెళ్లబెట్టిన సంవత్సరం. లైంగిక తృప్తి కోసం పిల్లల్ని ఏ మీడియాలోనైనా వాడుకుంటే సెక్షన్ 13, దానికి 14 కింద కనీసం ఐదేళ్లు, రెండోసారైతే కనీసం ఏడేళ్లు. ఈ "కనీసం" అనేది 2019 సవరణతో గట్టిపడింది. అదే సవరణలో డెఫినిషన్‌ని కూడా పెంచారు. నిజమైన పిల్లల నుంచి తేడా పట్టలేనంతగా కంప్యూటర్‌తో తయారు చేసిన బొమ్మ కూడా లెక్కలోకి వస్తుంది. చాట్‌జీపీటీ రావడానికి మూడేళ్ల ముందే రాసిన వాక్యం అది. సెక్షన్ 11 ఇంకా ముందుకెళ్లింది. "నీ ఫొటో బయటపెడతా" అని బెదిరిస్తే, ఆ ఫొటో నిజమైనదైనా కల్పించినదైనా నేరమేనని 2012లోనే రాశారు. మన పార్లమెంట్‌కి టెక్నాలజీ అర్థం కాదని జోకులేసేవాళ్లు ఈ రెండు లైన్లు ఒకసారి చదవాలి.

దీనికి తోడు ఐటీ చట్టంలో 67బి. పిల్లల్ని అసభ్యంగా చూపించే డిజిటల్ మెటీరియల్ తయారుచేసినా, వెతికినా, డౌన్‌లోడ్ చేసినా, పంచినా మొదటిసారి ఐదేళ్ల వరకు, రెండోసారి ఏడేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా.

ఇప్పుడు అసలు సమస్య ఎక్కడుందో చూడండి. కింద మెట్టు మూడేళ్లు, అది కూడా "వరకు". పై మెట్టు ఐదేళ్లు, అది "కనీసం". కింద నుంచి పైకి మార్చే స్విచ్ తీసినవాడి బుర్రలో ఉంది, అంటే లైంగిక ఉద్దేశం. పగతో తీశాను, ప్రాంక్ కోసం తీశాను, క్లాస్‌లో నవ్వుకోడానికి తీశాను అంటే కేసు కింద మెట్టు మీదే ఆగిపోయే ఛాన్స్ ఉంది. వీడియోలో ఉన్న పిల్లాడికి మాత్రం రెండు సందర్భాల్లోనూ జరిగింది ఒకటే. ఎవడు ఏ ఉద్దేశంతో తీసినా, సోమవారం స్కూలుకి వెళ్లాల్సింది వాడే.

పోక్సో సెక్షన్ 30 ఈ గ్యాప్‌ని కొంత పూడుస్తుంది, నిజమే. నిందితుడికి నేర మనస్తత్వం ఉందని కోర్టు ముందే ఊహించాలి, లేదని నిరూపించుకోవాల్సిన భారం అతనిది. కానీ అది కోర్టులో విచారణ టైమ్‌లో పనికొచ్చే ఆయుధం. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ రాసేటప్పుడు ఏ సెక్షన్లు పెట్టాలనే డెసిషన్ అంతకంటే చాలా ముందు జరిగిపోతుంది.

అక్క ఫోన్ కాల్

ఇదంతా నేను ఎందుకు చదవాల్సి వచ్చిందో చెప్తాను. కొన్నాళ్ల క్రితం ఒక ఆదివారం మా అక్క ఫోన్ చేసింది. ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాడు ఒకడుంటే వైఫై దగ్గర నుంచి ఆధార్ వరకు అన్నీ వాడికే వస్తాయి కదా, నేను రౌటర్ గురించే అనుకున్నాను. కాదు. వాళ్ల అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ దగ్గర బట్టలు మార్చుకునే గదిలో, పార్టిషన్ పైనుంచి ఎవరో ఫోన్ పెట్టి వీడియో తీశారు. అందులో ఉన్నది పక్క ఫ్లాట్ వాళ్ల బాబు, పదకొండేళ్లు. తీసినవాడు దొరికాడు. అంతవరకు ఓకే. తర్వాత కమిటీలో ఒకాయన ఆవేశంలో ఆ ఫోన్ లాక్కుని, అందులోని క్లిప్‌ని "అందరూ జాగ్రత్త, పిల్లల్ని గమనించుకోండి" అని రెసిడెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

"ఒరేయ్, నా ఫోన్‌లో కూడా దానంతటదే డౌన్‌లోడ్ అయిపోయిందిరా. డిలీట్ చెయ్యనా, సాక్ష్యం అని ఉంచనా? ఉంచితే నా మీద కేసు పెడతారా?" ఇదీ అక్క ప్రశ్న. బావ వెనకాల నుంచి "అసలు గ్రూపులోంచి బయటికొచ్చెయ్" అని అరుస్తున్నాడు.

ఆలోచించండి. తీసినవాడి ఫోన్‌లో ఉన్నది ఒక్క కాపీ. గ్రూపులో పెట్టాక ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉన్న ప్రతి ఫోన్ గ్యాలరీలోకి ఒక కాపీ, వాట్సాప్ ఫోల్డర్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే గూగుల్ ఫొటోస్‌లోకి ఇంకో కాపీ. బాబుకి అసలు హాని చేసింది పార్టిషన్ పైన ఫోన్ పెట్టినవాడా, మంచి ఉద్దేశంతో ఫార్వర్డ్ కొట్టిన పెద్దాయనా అని అడిగితే, నేను తడుముకోకుండా సమాధానం చెప్పలేను. 66ఇ అయితే క్లియర్‌గా చెప్తుంది. తీయడం, పబ్లిష్ చెయ్యడం, పంపడం మూడూ ఒకే నేరం.

మిగతావాళ్ల ఫోన్లలో ఉన్న కాపీల సంగతి పోక్సో సెక్షన్ 15లో ఉంది. పిల్లల అశ్లీల మెటీరియల్‌ని పంచే ఉద్దేశంతో దాచుకుని, డిలీట్ చెయ్యక, రిపోర్ట్ చెయ్యక ఉంటే కనీసం ఐదువేలు జరిమానా, రెండోసారైతే కనీసం పదివేలు. పంచడానికే ఉంచుకుంటే మూడేళ్ల వరకు జైలు. వ్యాపారానికైతే మూడు నుంచి ఐదేళ్లు. రిపోర్ట్ చెయ్యడానికి, కోర్టులో సాక్ష్యానికి ఉంచుకోవడం మినహాయింపే, కానీ రిపోర్ట్ అంటే పోలీసులకో, సైబర్ క్రైమ్ పోర్టల్‌కో. అపార్ట్‌మెంట్ గ్రూపు అందులో లేదు. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఈ సెక్షన్ మీద ముఖ్యమైన తీర్పిచ్చింది. ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి చూసుకోవడం మాత్రమే నేరం కాదన్న మద్రాస్ హైకోర్టు తీర్పుని కొట్టేసి, సెక్షన్ 15లో ఉన్నవి మూడు వేర్వేరు నేరాలని, ఫార్వర్డ్ చెయ్యకపోయినా డిలీట్, రిపోర్ట్ చెయ్యకుండా ఉంచుకున్న తీరుని బట్టి ఉద్దేశాన్ని అంచనా వెయ్యొచ్చని చెప్పింది. "చైల్డ్ పోర్నోగ్రఫీ" అనే మాట కూడా మానేయమంది, ఎందుకంటే అది పోర్న్ కాదు, ఒక పిల్లాడి మీద జరిగిన నేరానికి రికార్డు.

అక్కకి నేను చెప్పింది ఇది. ఎవ్వరికీ పంపకు. ఎవరు, ఏ గ్రూపులో, ఎన్ని గంటలకి పెట్టారో రాసిపెట్టు. పోలీసులకి చెప్పు, చెప్పాక గ్యాలరీలో తీసెయ్, గూగుల్ ఫొటోస్ ట్రాష్‌లో కూడా తీసెయ్. బ్యాకప్ అయిన ఫైల్ ట్రాష్‌లో 60 రోజులు బతికే ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

మూడు అనే నంబర్‌తో అసలు తేడా

శిక్షలు పెంచాలని అనగానే ఒక వాదన వస్తుంది. మూడేళ్లకి భయపడనివాడు ఐదేళ్లకి భయపడతాడా? నేను కూడా ఈ డౌట్‌ని సీరియస్‌గానే తీసుకుంటాను. తప్పు చేసేవాడు చట్టం పుస్తకం తెరిచి నంబర్ చూసుకుని చెయ్యడు. కానీ చట్టంలో ఈ నంబర్ నేరస్థుడి కోసం మాత్రమే లేదు. అది కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక థ్రెషోల్డ్ వేల్యూ లాంటిది. దాన్ని బట్టి వేరే చోట బోలెడు ఫీచర్లు ఆన్, ఆఫ్ అవుతాయి.

మొదటిది బెయిల్. ఐటీ చట్టం 77బి ప్రకారం మూడేళ్లు, ఆపైన శిక్ష ఉన్న నేరాల్లో పోలీసులు వారెంట్ లేకుండా అరెస్ట్ చెయ్యొచ్చు, కానీ సరిగ్గా మూడేళ్లు ఉన్నవన్నీ బెయిలబుల్. అంటే 66ఇ కేసులో బెయిల్ నిందితుడి హక్కు. అదే అపార్ట్‌మెంట్, అదే లిఫ్ట్, సాయంత్రానికి మనిషి తిరిగొచ్చేస్తాడు.

రెండోది నాకు చదివినప్పుడు షాకిచ్చింది. లిమిటేషన్. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 514 ప్రకారం ఏడాది నుంచి మూడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాలకి కోర్టు కేసు తీసుకునే గడువు మూడేళ్లు. మూడేళ్లు దాటిన శిక్ష ఉన్నవాటికి గడువే లేదు. నేరం జరిగినట్టు ఎవరికీ తెలియకపోతే తెలిసిన రోజు నుంచి లెక్కేస్తారు, సరైన కారణం ఉంటే కోర్టు గడువు దాటినా ఒప్పుకోవచ్చు. కానీ పిల్లల విషయంలో మామూలుగా జరిగేది వేరు. పదకొండేళ్ల వాడికి విషయం తెలుసు, చెప్పడు. సిగ్గు, భయం, "నాన్న కొడతాడేమో" అనే ఆలోచన. నోరు విప్పేసరికి ఇంజనీరింగ్ సెకండ్ ఇయర్‌లో ఉంటాడు. 66ఇ ఒక్కటే ఉంటే గడువు ఎప్పుడో అయిపోయింది. గరిష్ఠ శిక్ష మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేస్తే, మైనర్ బాధితుల వరకైనా, ఈ గోడ ఒక్క దెబ్బకి కూలిపోతుంది. ఎవ్వరూ ఒక్క రోజు ఎక్కువ జైల్లో ఉండకపోయినా ఈ మార్పు ఒక్కటే చాలు అనిపిస్తుంది నాకు.

మూడోది పోక్సోలో ఉన్న రక్షణలు. పోక్సో కేసైతే బాబు స్టేట్‌మెంట్ ఇంట్లోనే తీసుకోవచ్చు, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ తీసుకోవాలి, యూనిఫామ్‌లో రాకూడదు. స్పెషల్ కోర్టు, తలుపులు మూసి విచారణ, సాధ్యమైనంతవరకు ఏడాదిలో పూర్తి. మీడియా పేరు బయటపెడితే ఆరు నెలల నుంచి ఏడాది శిక్ష. కేసు 66ఇ దగ్గరే ఆగితే ఈ పోక్సో ఏర్పాట్లు ఆ బాబుకి హక్కుగా రావు. తీసినవాడి ఉద్దేశం ఏంటి అనే ప్రశ్న, బాధితుడికి యూనిఫామ్ లేని పోలీస్ వస్తాడా లేదా అనేదాన్ని కూడా డిసైడ్ చేస్తోంది. కోడ్ రివ్యూలో ఇలాంటి డిపెండెన్సీ కనిపిస్తే నేనైతే అప్రూవ్ చెయ్యను.

బయటి దేశాలు ఇదే సమస్యని ఎలా రాశాయో చూస్తే దారి కనిపిస్తుంది. అమెరికాలో 2025 మే 19న టేక్ ఇట్ డౌన్ యాక్ట్ చట్టమైంది. అనుమతి లేకుండా ప్రైవేట్ ఫొటో, డీప్‌ఫేక్ పబ్లిష్ చేస్తే పెద్దవాళ్ల విషయంలో రెండేళ్ల వరకు, మైనర్ల విషయంలో మూడేళ్ల వరకు శిక్ష. తేడా ఒక్క ఏడాదే. నాకు నచ్చింది ఆ నంబర్ కాదు, మైనర్ల సెక్షన్‌లోని ఉద్దేశం క్లాజ్. లైంగిక ఉద్దేశం ఉన్నా సరే, పిల్లల్ని అవమానించడానికో, వేధించడానికో, కించపరచడానికో చేసినా సరే, రెండూ ఒకే లెక్క. మన దగ్గర లేని మధ్య మెట్టు సరిగ్గా ఇదే. జపాన్ 2023 జూలై 13 నుంచి రహస్య చిత్రీకరణకి ప్రత్యేక చట్టం తెచ్చింది, మూడేళ్ల వరకు జైలు లేదా ముప్పై లక్షల యెన్ వరకు జరిమానా. అందులో పదహారేళ్ల లోపు పిల్లల లైంగిక చిత్రాల విషయంలో "ఒప్పుకున్నారు" అనే వాదన చెల్లదు. కాకపోతే 13 నుంచి 15 ఏళ్ల వాళ్ల విషయంలో తీసినవాడు కనీసం ఐదేళ్లు పెద్దవాడై ఉండాలి.

ఆ ఐదేళ్ల తేడా క్లాజ్ ఎందుకు ముఖ్యమంటే, ఇలాంటి పనులు చేసేవాళ్లలో పిల్లలు కూడా ఉంటారు. టెన్త్ క్లాస్ కుర్రాడు పక్క బెంచీ వాడి వీడియో తీస్తే, వాడి కేసు జువైనల్ జస్టిస్ బోర్డుకి వెళ్తుంది. అక్కడ మూడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాన్ని చిన్న నేరంగానే చూస్తారు, నాలుగు నెలల్లో, పొడిగిస్తే ఇంకో రెండు నెలల్లో విచారణ తేలకపోతే అది ముగిసిపోతుంది. పెద్దవాళ్ల కోసం శిక్ష పెంచితే ఈ కుర్రాళ్ల కేటగిరీ కూడా దానంతటదే మారిపోతుంది. అది మంచిదో కాదో విడిగా ఆలోచించి రాయాలి తప్ప, సైడ్ ఎఫెక్ట్‌గా జరగనివ్వకూడదు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2019 డిసెంబర్‌లో దిశ బిల్లు పాస్ చేసినప్పుడు అందరూ శిక్షల నంబర్లనే షేర్ చేశారు. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు, అది వేరే కథ. హెడ్‌లైన్‌లో పట్టే నంబర్ రాయడం ఈజీ, క్లాజ్ రాయడమే కష్టం.

ఇంకో రిస్క్ కూడా ఉంది. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ రాసిన కేసు మీలో కొందరికి గుర్తుండొచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి డాక్టర్ కోసం కొడుకు ఇన్ఫెక్షన్ ఫొటో తీశాడు, గూగుల్ సిస్టమ్ ఫ్లాగ్ చేసి అకౌంట్ మూసేసింది. పోలీసులు తప్పేం లేదని తేల్చినా అకౌంట్ తిరిగి రాలేదు. కఠినమైన చట్టం, తొందరపడే క్లాసిఫయర్ కలిస్తే ఇలా ఉంటుంది. అందుకే వైద్యం, తల్లిదండ్రుల సంరక్షణ లాంటి మినహాయింపులు సెక్షన్‌లోనే రాసి ఉండాలి.

కాబట్టి నా కోరికల లిస్ట్ చిన్నదే. 66ఇలో బాధితుడు మైనరైతే గరిష్ఠం ఐదేళ్లు, ఉద్దేశంతో సంబంధం లేకుండా. వాయరిజం సెక్షన్‌లో మగపిల్లలకి కూడా చోటు. పోక్సోలోని విచారణ రక్షణలు ఈ కేసులన్నింటికీ. నిందితుడు కూడా మైనరైతే వేరే ట్రాక్. కనీస శిక్ష మాత్రం నేను అడగను. తప్పనిసరిగా ఇంత వెయ్యాలని జడ్జి చేతులు కట్టేస్తే, డౌట్ ఉన్న కేసుల్లో వదిలేయడమే తేలికనిపించే ప్రమాదం ఉంది.

చట్టం మారేలోపు ఇప్పుడున్నదాన్ని సరిగ్గా వాడుకోవడం మన చేతిలో పని. తీసిన ఫోన్ దొరికితే ఎవ్వరూ గ్యాలరీ తెరవొద్దు, డిలీట్ చేయించొద్దు, రీసెట్ అసలే వద్దు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి అలాగే పోలీసులకి ఇవ్వండి. కొత్త సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైల్ హ్యాష్ కూడా రాయాలి. వాట్సాప్‌లో ఒకసారి వెళ్లిన వీడియో కంప్రెస్ అయి హ్యాష్ మారిపోతుంది, కాబట్టి గ్రూపులో ఉన్న కాపీ ఒరిజినల్‌కి ప్రత్యామ్నాయం కాదు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పిల్లలకి సంబంధించిన కంటెంట్‌ని పేరు చెప్పకుండా కూడా రిపోర్ట్ చెయ్యొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. 1930 నంబర్ ముఖ్యంగా డబ్బు మోసాల కోసం, కంగారులో దానికి కొట్టి టైమ్ పోగొట్టుకోకండి.

వీడియో నెట్‌లోకి వెళ్లిపోతే ఇంకో దారి ఉంది. అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ సంస్థ నడిపే టేక్ ఇట్ డౌన్ సర్వీస్. పేరు పైన చెప్పిన చట్టానిదే అయినా ఇది వేరు. పద్దెనిమిది లోపు తీసిన ఫొటో, వీడియోల కోసం ఇండియా నుంచి కూడా వాడుకోవచ్చు, ఫ్రీ, పేరు చెప్పక్కర్లేదు. ఫైల్ అప్‌లోడ్ అవ్వదు. మీ ఫోన్‌లోనే దాని హ్యాష్ తయారై, ఆ నంబర్ మాత్రమే ఇందులో చేరిన ప్లాట్‌ఫామ్‌లకి వెళ్తుంది, మ్యాచ్ అయినవాటిని వాళ్లు తీసేస్తారు. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న చాట్‌ల లోపల ఇది పనిచెయ్యదు. పబ్లిక్‌గా తిరిగే కాపీల మీద మాత్రం పనిచేస్తుంది.